రాబర్ట్ వుడ్ జాన్సన్ ఆరోగ్య విధాన ఫెలోషిప్: ఒక ఏడాది ఇవ్వదగినదేనా?

మా ఆసుపత్రిలో రెసిడెన్సీ పూర్తి చేసుకుని, ఇప్పుడు ఒహాయో రాష్ట్రంలోని ఒక చిన్న పట్టణంలో పనిచేస్తున్న తెలుగు డాక్టరు ఒకరు కిందటి నెలలో ఫోన్ చేశారు. రోగులను చూసే పనిని పూర్తిగా వదలకుండా ఆరోగ్య విధానాల వైపు వెళ్లాలంటే దారి ఏదని అడిగారు. "సార్, ఈ ఫౌండేషన్లు ఇచ్చే ఫెలోషిప్పులలో దేనికి ఒక ఏడాది ధారపోసినా వృథా కాదంటారు?" అన్నది ఆమె ప్రశ్న. పది నిమిషాలలో చెప్పి ముగించగలిగిన సంగతి కాదు గనుక, ఇదే ప్రశ్న మనసులో ఉన్న మరికొందరికి కూడా పనికివస్తుందని, ఆరోగ్య రంగంలో అనుభవం ఉన్నవారిని ఒక ఏడాది వాషింగ్టన్‌కు పంపి అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లో పని నేర్పించే రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫెలోషిప్ మీద ఈ సమీక్ష రాస్తున్నాను. నేను ఈ ఫెలోషిప్ చేసినవాడిని కాను. అయితే నా దగ్గర పని నేర్చుకున్న ఇద్దరికి దీనికోసం సిఫారసు లేఖలు రాశాను. ఆ ఏడాది ముగించుకుని మా వైద్య కళాశాలకు తిరిగి వచ్చిన ఒక సహోద్యోగితో ఎన్నో సాయంత్రాలు కూర్చుని మాట్లాడాను. ఈ ఫౌండేషన్లు వెలువరించే నివేదికలను పదిహేనేళ్లుగా విద్యార్థులకు పాఠంగా చెబుతున్నాను. నా మాటలకు ఉన్న ఆధారం అంతే.

విధానం అంటే ఏమిటో నాకు మొదట అర్థమైంది పుస్తకాల వల్ల కాదు, ఒక రోగి వల్ల. డెబ్బై ఏళ్లు దాటిన ఆ విశ్రాంత బస్సు డ్రైవరుకు చక్కెర ఎంతకూ అదుపులోకి వచ్చేది కాదు. మోతాదు పెంచాను, ఇన్సులిన్ రకం మార్చాను, ఆహారం గురించి చెప్పిందే చెప్పాను. ఒకనాడు ఆయన భార్య వెంట వచ్చి, నెల మూడో వారం దాటేసరికి ఆయన సగం మోతాదే వేసుకుంటున్నారని, సీసా నెలాఖరు వరకు రావాలి కదా అని మెల్లగా చెప్పింది. 2022లో వచ్చిన ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం, ప్రధానంగా వృద్ధుల కోసం అమెరికా ప్రభుత్వం నడిపే బీమా అయిన మెడికేర్‌లో ఉన్నవారు ఒక్కో రకం ఇన్సులిన్‌కు నెలకు 35 డాలర్లకు మించి చెల్లించనక్కర లేదని నిర్ణయించింది. 2023 జనవరిలో అది అమలులోకి వచ్చాక, నేను మందుచీటీలో ఒక్క అక్షరం మార్చకుండానే ఆయన చక్కెర దిగింది. నేను మూడేళ్లు చేయలేని వైద్యాన్ని ఒక చట్టంలోని కొన్ని వాక్యాలు చేశాయి. ఆ వాక్యాలు రాసే గదిలో ఇటువంటి రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసినవాళ్లు ఎందరు ఉంటారన్న ప్రశ్న అప్పటి నుంచి నన్ను వదలలేదు. ఈ ఫెలోషిప్‌ను నేను తూచే తక్కెడ కూడా ఆ ప్రశ్నే.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందు చెప్పుకోవాలి. జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీని దశాబ్దాల పాటు నడిపిన రాబర్ట్ వుడ్ జాన్సన్ 1968లో మరణిస్తూ తన ఆస్తిలో చాలా భాగాన్ని, అంటే ప్రధానంగా ఆ కంపెనీ షేర్లను, తాను 1936లోనే న్యూజెర్సీలో చిన్నగా మొదలుపెట్టిన ధర్మసంస్థకు రాసి ఇచ్చారు. 1972లో అది దేశవ్యాప్త ఫౌండేషన్‌గా పని ప్రారంభించేనాటికి ఆ షేర్ల విలువ సుమారు 120 కోట్ల డాలర్లు. ఇప్పుడు ఆ నిధి వెయ్యి కోట్ల డాలర్లను దాటింది. మందులు, బ్యాండేజీలు అమ్మగా వచ్చిన ధనంతో ఆరోగ్య విధానాన్ని సంస్కరించే పని జరగడంలో ఒక చిక్కు ఉందని అభ్యంతరం చెప్పేవారు ఉన్నారు. ఆ అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోను. కానీ మా సహోద్యోగి ఆ ఏడాదిలో ఏ పని చేయాలో, ఎవరి వద్ద చేయాలో ఫౌండేషన్ నుంచి ఎవరూ ఒక్కసారైనా చెప్పలేదన్నది కూడా ఇక్కడే చెప్పాలి.

ఈ తరహా సంస్థలు ఫెలోషిప్పుల మీద ఎందుకు అంత మక్కువ చూపుతాయో తెలియాలంటే 1969 నాటి పన్ను సంస్కరణ చట్టాన్ని తెలుసుకోవాలి. ఆ చట్టం ప్రకారం ప్రైవేటు ఫౌండేషన్లు ఫలానా బిల్లుకు ఓటు వేయండని చట్టసభ సభ్యుల మీద ఒత్తిడి తేవడానికి డబ్బు ఖర్చు పెట్టకూడదు. పెడితే పన్ను రూపంలో జరిమానా పడుతుంది. పక్షపాతం లేని అధ్యయనానికి, విశ్లేషణకు మాత్రం అభ్యంతరం లేదు. అంటే విధానాన్ని మార్చాలన్న కోరిక ఉన్న ఫౌండేషన్, ఆ విధానం పుట్టే చోట నేరుగా చేయి పెట్టలేదు. దానికి మిగిలినవి రెండే: ఒకటి జ్ఞానాన్ని సమకూర్చడం, రెండోది మనుషులను తయారు చేయడం. మొదటి పనికి పరిశోధన గ్రాంట్లు, రెండో పనికి ఫెలోషిప్పులు. ఇంతకాలం ఈ రెంటినీ గమనించిన మీదట, విధాన సంస్కరణకు సంబంధించినంత వరకు డాలరుకు డాలరు పోల్చితే రెండోదే ఎక్కువ ఫలించిందని నా అభిప్రాయం. నివేదిక చదివినవాడు మరిచిపోవచ్చు. ఒక ఏడాది పాటు సెనెటర్ కార్యాలయంలో పనిచేసిన డాక్టరు దాన్ని మరిచిపోవడం జరగదు.

ఫెలోషిప్ 1973లో మొదలైంది. నిర్వహణ మొదటి నుంచీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్‌ది. 2015లో పేరు మార్చుకుని నేషనల్ అకాడమీ ఆఫ్ మెడిసిన్ అయినది ఆ సంస్థే. వృత్తిలో కొంత దూరం వచ్చినవారికి ఇది ఉద్దేశించినది, అప్పుడే చదువు ముగించినవారికి కాదు. డాక్టర్లు, నర్సులు, దంతవైద్యులు, సామాజిక కార్యకర్తలు, ఆర్థికశాస్త్రవేత్తలు, మనస్తత్వవేత్తలు అందరికీ తలుపు తెరిచే ఉంటుంది. ఎంపికైనవారు సెప్టెంబరులో వాషింగ్టన్ చేరుకుంటారు. డిసెంబరు వరకు సాగేది శిక్షణ. ప్రభుత్వ విభాగాల అధికారులు, పరిశోధన సంస్థలు, కాంగ్రెస్ కమిటీల సిబ్బంది, బీమా రంగం, ఆసుపత్రుల సంఘాలు ఇలా రోజుకు రెండు మూడు సమావేశాలు జరుగుతాయి. అమెరికా రాజనీతిశాస్త్ర సంఘం తన కాంగ్రెస్ ఫెలోలకు ఇచ్చే శిక్షణలో కూడా వీరు పాల్గొంటారు. ఆ నాలుగు నెలల మీద మా సహోద్యోగి అభిప్రాయం సూటిగానే ఉండేది. ఇరవై ఏళ్లు మెడికేర్ రోగులను చూసిన తనకు మెడికేర్ చెల్లింపులు ఎలా నిర్ణయమవుతాయో అక్కడే మొదటిసారి తెలిసిందని, ఈ శిక్షణ ఒక్కటి ఇచ్చి ఇంటికి పంపేసినా తాను సంతోషించేవాడినని అన్నాడు. నాకు ఆ మాటలో అతిశయోక్తి కనిపించలేదు. వైద్య విద్యలో ఈ విషయానికి మనం కేటాయించే సమయం ఎంతో ప్రతి డాక్టరుకూ తెలుసు.

జనవరి నుంచి అసలు పని. ఏ కార్యాలయంలో చేరాలో ఫెలోలే వెతుక్కోవాలి. సెనెటర్ల, ప్రతినిధుల కార్యాలయాలకు, కమిటీలకు వెళ్లి ఇంటర్వ్యూలు ఇవ్వాలి. ఏ పార్టీ దగ్గరైనా చేరవచ్చు. మెడికేర్ మీద, పేదల బీమా పథకమైన మెడికెయిడ్ మీద మక్కువ ఉన్నవారు సెనెట్ ఆర్థిక కమిటీ వైపు చూస్తారు. ప్రజారోగ్యం, మందుల అనుమతులు, వైద్య సిబ్బంది శిక్షణ వంటివి సెనెట్‌లో ఆరోగ్య, విద్య, కార్మిక, పింఛన్ల కమిటీ పరిధిలోకి, దిగువసభలో ఇంధన, వాణిజ్య కమిటీ పరిధిలోకి వస్తాయి. ఆరోగ్య విషయాలు ఇంధన, వాణిజ్య కమిటీలో ఎందుకు ఉన్నాయని నా విద్యార్థులు ప్రతి సంవత్సరం అడుగుతారు. ఈ పటం తెలియకుండా వాషింగ్టన్‌లో అడుగుపెట్టిన డాక్టరు ఎవరి తలుపు తట్టాలో తెలియక సగం ఏడాది పోగొట్టుకుంటాడు. శిక్షణ కాలం ఆ ఇబ్బందిని తప్పిస్తుంది.

కార్యాలయంలో ఫెలో చేసే పని బయటివారు ఊహించుకునేంత గంభీరంగా ఉండదు, అలాగని తక్కువదీ కాదు. విచారణ జరిగేటప్పుడు సాక్షులను సెనెటర్ అడగవలసిన ప్రశ్నలు రాయాలి. రోజుకు ఐదారు బృందాలు తమ గోడు చెప్పుకోవడానికి వస్తే వినాలి. బిల్లు ముసాయిదాను చట్టసభ న్యాయవాదులతో కూర్చుని మాట మాటగా చూడాలి. అన్నింటికంటే ముఖ్యంగా, కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం ఆ బిల్లుకు పదేళ్ల కాలానికి ఎంత ఖర్చు కట్టిందో చూసి, ఆ అంకె పెద్దదైతే బిల్లులో ఏది కోయవచ్చో, ఏది కోస్తే దాని ప్రాణమే పోతుందో చెప్పాలి. మా సహోద్యోగి తనకు దక్కిన గొప్ప పాఠంగా చెప్పింది ఇదే. మూత్రపిండాల రోగులకు మేలు చేస్తుందని తాను నమ్మిన ఒక చిన్న మార్పు, దానివల్ల రోగులు ఎక్కువ కాలం బతుకుతారు గనుక మెడికేర్‌కు ఖర్చు పెరుగుతుందన్న లెక్క ముందు ఆగిపోయిందట. ఆ రాత్రి తనకు నిద్ర పట్టలేదని, మరునాడు అదే లెక్కను అర్థం చేసుకుని వేరే తోవలో ముసాయిదా తిరగరాయడానికి కూర్చున్నానని చెప్పాడు. కోపం తెచ్చుకుని వైద్య పత్రికలో వ్యాసం రాసే డాక్టరుకు, కూర్చుని ముసాయిదా తిరగరాసే డాక్టరుకు మధ్య ఉన్న దూరాన్నే ఈ ఫెలోషిప్ దాటిస్తుంది. ఈ ఒక్క కారణానికే నేను దీనికి అగ్రస్థానం ఇస్తాను.

అతను చెప్పిన మరో సంగతి కూడా ఇక్కడే రాయాలి. కార్యాలయంలో ఆరోగ్య వ్యవహారాలు చూసే ఉద్యోగులు చాలామంది ముప్పై ఏళ్ల లోపువారు, ఎంతో తెలివైనవారు, తీరిక ఏమాత్రం లేనివారు. వారి చేతికి మనం ఇచ్చే కాగితం ఒక పేజీ దాటితే వారు చదవరు. చదవడానికి సమయం ఉండదు. వైద్య పరిశోధన పత్రాలు రాసి అలవాటైన చేతికి ఒక పేజీ రాయడం ఎంత కష్టమో ఆ ఏడాదిలోనే తెలిసిందని అన్నాడు.

ఇక లోపాలు. అన్నింటికంటే పెద్దది సంఖ్య. దేశం మొత్తం మీద ఒక ఏడాదిలో ఎంపికయ్యేవారు పట్టుమని పదిమంది కూడా ఉండరు. 535 మంది సభ్యులున్న కాంగ్రెస్‌కు ఈ సంఖ్య ఏ మూలకు? ఫౌండేషన్ తన నిధిలో ఏటా సుమారు 5 శాతం ఖర్చు పెట్టి తీరాలని చట్టమే చెబుతోంది గనుక వారి వద్ద డబ్బుకు కొదవ లేదు; ఇందులో ఇంకొంత భాగాన్ని ఈ వైపు మళ్లించి కుర్చీల సంఖ్యను రెట్టింపు చేయడం అసాధ్యమేమీ కాదని నా దృఢమైన నమ్మకం.

రెండోది, ఈ ఏడాదిని ఇవ్వగలిగినవారు ఎవరన్న సమస్య. ఫౌండేషన్ ఇచ్చే భృతి మంచిదే, కానీ పెద్ద కళాశాలలో పనిచేసే ఆచార్యుడికి సెలవు దొరికినట్లు ఇద్దరు డాక్టర్లే ఉన్న పల్లె క్లినిక్‌లోని డాక్టరుకు దొరకదు. ఆమె వాషింగ్టన్ వెళ్తే రోగులు ఎవరిని చూడాలి? నేను సిఫారసు లేఖ రాసిన ఇద్దరిలో ఒకరు చివరి దశ వరకు వెళ్లి, తాను పనిచేసే చోట సెలవు ఇవ్వకపోవడం వల్ల వెనక్కి తగ్గవలసి వచ్చింది. ఆ నిర్ణయాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. వెళ్లినవారి స్థానంలో ఏడాది పాటు వేరే డాక్టరును పెట్టుకోవడానికి ఆ చిన్న క్లినిక్కులకే విడిగా కొంత సొమ్ము ఇచ్చే ఏర్పాటు ఉంటే ఈ ఫెలోషిప్ స్వరూపమే మారిపోతుంది.

మూడోది తెలుగువారికి నేరుగా తగిలేది. దరఖాస్తు చేసుకోవాలంటే పౌరసత్వమో శాశ్వత నివాస అనుమతో ఉండాలి. భారతదేశంలో చదివి జె-1 వీసా మీద రెసిడెన్సీ చేసిన డాక్టర్లు, రెండేళ్లు స్వదేశానికి తిరిగి వెళ్లవలసిన నియమం నుంచి మినహాయింపు పొందడానికి 1994 నాటి కాన్రాడ్ పథకం కింద డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతాలలో మూడేళ్లు పనిచేస్తారు. ఒక్కో రాష్ట్రానికి ఏటా 30 మందికి ఆ అవకాశం ఉంటుంది. ఆ మూడేళ్ల తర్వాత కూడా భారతీయులకు గ్రీన్‌కార్డు వరుస ఎంత పొడవో నేను చెప్పనక్కరలేదు. ఫలితం ఏమిటంటే, అమెరికాలో ఏ డాక్టరూ వెళ్లడానికి ఇష్టపడని ఊళ్లలో, ప్రసవాల వార్డు మూతపడ్డ ఆసుపత్రులలో, అంబులెన్సు రావడానికి గంట పట్టే చోట్ల పదేళ్లుగా పనిచేస్తున్న మనవాళ్లకు అక్కడి ఆరోగ్య వ్యవస్థ ఎక్కడ విరిగిందో అందరికంటే బాగా తెలుసు. కానీ ఆ విషయం చెప్పవలసిన గదికి దారి వారికే మూసి ఉంది. కాన్రాడ్ పథకం గడువు పొడిగింపు కూడా మళ్లీ మళ్లీ అదే కాంగ్రెస్ ముందుకు వస్తుంది. వాషింగ్టన్ కార్యాలయాలకు వారిని పంపడంలో చట్టపరమైన ఇబ్బందులు ఉండవచ్చు. నాలుగు నెలల శిక్షణ వరకైనా వీసాతో నిమిత్తం లేకుండా వారికి కొన్ని స్థానాలు కేటాయించమని ఫౌండేషన్‌ను నేను కోరుతున్నాను.

నాలుగో లోపం కూడా ఒకటి ఉంది, దాని మీద నాకు స్థిరమైన అభిప్రాయం లేదు. జీతం ఫౌండేషన్ ఇస్తుంటే, కార్యాలయానికి ఒక అనుభవజ్ఞుడు ఉచితంగా దొరుకుతున్నాడు. కాంగ్రెస్ తనకు కావలసిన నిపుణులను సొంత ఖర్చుతో పెట్టుకోవాలి గదా అనే వాదన సరైనదే. అయితే అది జరిగేవరకు ఆ కుర్చీ ఖాళీగా ఉండదు. వేరే ప్రయోజనాలు ఉన్నవారు వచ్చి సలహాలు ఇస్తూనే ఉంటారు.

ఈ ఫౌండేషన్ ఇతర గ్రాంట్లను కూడా కొంత తెలుసుకుంటే ఫెలోషిప్ విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. 1973లో వారు 44 ప్రాంతాలలో అత్యవసర వైద్య స్పందన వ్యవస్థలను నిలబెట్టడానికి 1.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. అంబులెన్సు, రేడియో, ఆసుపత్రి ఒకే తాటి మీద పనిచేయవచ్చని చూపిన తొలి ప్రయత్నాలలో అది ఒకటి. 1991 నుంచి పొగాకు వ్యతిరేక కృషికి ఎంతో ధనం వెచ్చించారు. 1996లో పొగాకు రహిత బాలల ఉద్యమ సంస్థ పుట్టడానికి అండగా నిలిచారు. 1965లో అమెరికా వయోజనులలో 42 శాతం పొగతాగేవారు. ఇప్పుడు అది సుమారు పది మందిలో ఒకరికి తగ్గింది. ఆ ఘనత ఒక్కరిదే అనను, కానీ ఇందులో వీరి భాగం ఉంది. 2007లో బాలల స్థూలకాయాన్ని అరికట్టడానికి 50 కోట్ల డాలర్లు ప్రకటించారు. అక్కడ ఫలితం పొగాకు విషయంలో వచ్చినంత స్పష్టంగా రాలేదు. సిగరెట్టుకు పన్ను వేయవచ్చు, బహిరంగ ప్రదేశాలలో నిషేధించవచ్చు. పిల్లవాడి భోజనం అలా ఒక్క చట్టానికి లొంగే విషయం కాదు. ఎంత పెద్ద మొత్తం ఇచ్చారన్నదాని కంటే, ఆ సమస్యకు చట్టంలో పట్టుకోవడానికి పిడి ఉందా లేదా అన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుందని ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అనిపించింది. ఆ పిడి ఎక్కడుందో చూపగలిగే మనుషులను తయారు చేసేది ఫెలోషిప్పే.

యువ డాక్టర్లకు పరిశోధన పద్ధతులు నేర్పిన క్లినికల్ స్కాలర్స్ కార్యక్రమాన్ని కూడా ఇక్కడ తలుచుకోవాలి. 1969లో వేరే ఫౌండేషన్లు మొదలుపెట్టగా, కొన్నేళ్లకే రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ దాన్ని చేతిలోకి తీసుకుని నాలుగు దశాబ్దాలకు పైగా నడిపింది. 2003లో ఫౌండేషన్ అధ్యక్షురాలైన రీసా లవీజో-మోరే ఆ కార్యక్రమంలో శిక్షణ పొందినవారే. అంత ఫలించిన కార్యక్రమం నుంచి 2017 నాటికి ఫౌండేషన్ తప్పుకోవడం నాకు నచ్చలేదు. కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి నేషనల్ క్లినీషియన్ స్కాలర్స్ పేరుతో దాన్ని బతికించుకున్నాయి గనుక సరిపోయింది. పరిశోధన వైపు మొగ్గు ఉన్నవారు, ఇంకా ముప్పైలలోనే ఉన్నవారు, ఆరోగ్య విధాన ఫెలోషిప్ కంటే ముందు దాన్ని చూడడం మంచిది.

పోలిక కోసం కామన్‌వెల్త్ ఫండ్ గురించి చెప్పాలి. స్టాండర్డ్ ఆయిల్ వాటాల ద్వారా సంపన్నమైన హార్క్‌నెస్ కుటుంబంలోని ఆనా హార్క్‌నెస్ 1918లో దాదాపు కోటి డాలర్లతో న్యూయార్క్‌లో దాన్ని స్థాపించారు. 1920లలో వారు పల్లె ప్రాంతాలలో కట్టించిన ఆసుపత్రులు, 1946లో ప్రభుత్వమే దేశమంతటా ఆసుపత్రుల నిర్మాణానికి డబ్బు ఇచ్చిన చట్టానికి దారి చూపాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సరును ముందుగా పసిగట్టే పాప్ పరీక్షకు జార్జ్ పాపనికొలావు చేసిన కృషికి కూడా వారు ఊతం ఇచ్చారు. 1925లో మొదలై, ఇప్పుడు హార్క్‌నెస్ పేరుతో నడుస్తున్న వారి ఫెలోషిప్పులు మొదట్లో బ్రిటిష్ యువకులను అమెరికాకు రప్పించడానికి ఉద్దేశించినవి. 1990లలో అవి పూర్తిగా ఆరోగ్య విధానానికి మళ్లాయి. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, కెనడా, జర్మనీ వంటి దేశాల నుంచి వచ్చినవారు అమెరికాలో ఉండి పరిశోధన చేసి తిరిగి వెళ్తారు. భారతదేశం ఆ జాబితాలో లేదు. కానీ బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవలో, ఆస్ట్రేలియా ఆసుపత్రులలో పనిచేస్తూ అక్కడి పౌరులైన తెలుగు డాక్టర్లు ఎందరో ఉన్నారు. వారు హార్క్‌నెస్ ఫెలోషిప్‌ను తప్పకుండా పరిశీలించాలి. ఇది కార్యాలయంలో కూర్చుని బిల్లు దిద్దే పని కాదు, గురువు దగ్గర కూర్చుని దేశాలను పోల్చి చూసే చదువు. ఎవరి స్వభావానికి ఏది తగునో వారే తేల్చుకోవాలి.

ఫెలోషిప్ రానివారికి కూడా కామన్‌వెల్త్ ఫండ్ ఇచ్చేది ఒకటుంది. సంపన్న దేశాల ఆరోగ్య వ్యవస్థలను పక్కపక్కన పెట్టి చూపే వారి నివేదిక 2004 నుంచి వెలువడుతోంది. 2024 నివేదికలో పోల్చిన పది దేశాలలో అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టే అమెరికా మొత్తం మీద చివరి స్థానంలో నిలిచింది. నా తరగతిలో మొదటి రోజు చూపించేది ఆ పట్టికే. కైసర్ ఫ్యామిలీ ఫౌండేషన్‌గా మొదలైన కెఎఫ్ఎఫ్ ప్రధానంగా గ్రాంట్లు ఇవ్వడం కాకుండా సొంతంగానే విశ్లేషణలు, సర్వేలు, వార్తలు వెలువరిస్తుంది. మెడికెయిడ్ గురించి ఒక అంకె కావలసి వచ్చినప్పుడు నేను ముందు వెతికేది అక్కడే.

ఇదంతా చదివి హైదరాబాదులోనో విశాఖలోనో ఉన్న డాక్టరు మనకు ఇటువంటిది ఉందా అని అడగవచ్చు. దగ్గరగా వచ్చేది పిఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్. అందులో ఎంపికైనవారు వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల వరకు ఒక పార్లమెంటు సభ్యుడి వద్ద పనిచేస్తారు. ఎంతో మంచి ఏర్పాటు. అయితే దానికి వయోపరిమితి 25 ఏళ్లు. ఎంబీబీఎస్, హౌస్ సర్జన్సీ ముగిసేసరికే ఇరవై మూడో ఇరవై నాలుగో వస్తాయి. పీజీ చేసి నాలుగేళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రోగులను చూసిన డాక్టరుకు అది అందదు. 2006లో ప్రభుత్వ నిధులు, గేట్స్ ఫౌండేషన్ వంటి దాతల సొమ్ము కలిపి ఏర్పడిన పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా, ఉస్మానియా వైద్య కళాశాల పూర్వ విద్యార్థి కె. శ్రీనాథ్ రెడ్డి నాయకత్వంలో, 2008లో హైదరాబాదులో ప్రజారోగ్య సంస్థను నెలకొల్పింది. ఆయనే అధ్యక్షుడిగా ప్రణాళికా సంఘం నియమించిన నిపుణుల బృందం 2011లో, ఆరోగ్యంపై ప్రభుత్వ వ్యయం జాతీయోత్పత్తిలో కనీసం 2.5 శాతానికి చేరాలని సూచించింది. చదువు, సలహా ఈ రెండూ మనకు ఉన్నాయి. శాసనసభ సభ్యుడి పక్కన, ఆరోగ్యశాఖ కార్యదర్శి పక్కన ఒక ఏడాది కూర్చునే కుర్చీ మాత్రం లేదు. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు ఏ శస్త్రచికిత్సకు ఎంత చెల్లించాలి, ఏది చేర్చాలి, ఏది వదలాలి అన్నవి వందల నిర్ణయాలు. అటువంటి నిర్ణయాలు జరిగే చోట జిల్లా ఆసుపత్రి అనుభవం ఉన్నవారు ఏటా పదిమంది చొప్పున శిక్షణ పొందుతూ ఉంటే ఎంత మేలు జరుగుతుందో ఊహించండి. మన ధర్మసంస్థలకు ఇది కొత్త సంగతి కాదు. ఎల్లాప్రగడ సుబ్బారావు 1923లో హార్వర్డు చేరడానికి కాకినాడ ప్రాంతపు మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేసిన సహాయం కూడా తోడ్పడింది. అమెరికాలో స్థిరపడిన తెలుగు డాక్టర్ల సంఘాలు సొంత ఊళ్లకు పరికరాలు, భవనాలు ఇస్తున్నాయి. వాటికయ్యే ఖర్చులో కొద్ది భాగంతో ఇటువంటి కుర్చీలు రెండు రాష్ట్రాలలోనూ ఏర్పాటు చేయవచ్చు.

దరఖాస్తు పెట్టదలచినవారికి రెండు మాటలు. సిఫారసు లేఖలు గొప్ప పేర్లున్నవారి నుంచి తెచ్చుకోవాలని చాలామంది తాపత్రయపడతారు. మీ పనిని దగ్గర నుంచి చూసినవారు రాసిన లేఖకే బలం ఎక్కువ. వ్యాసంలో మీ ప్రచురణల చిట్టా తిరగరాయకుండా, మీ రోగులకు అడ్డుగా నిలిచిన ఒక నియమాన్ని, దాన్ని మార్చే అధికారం ఎవరి చేతిలో ఉందో, మారిస్తే నష్టపోయేవారు ఎవరో రాయండి. మూడో అంశాన్ని చాలామంది వదిలేస్తారు. తిరిగి వచ్చాక ఏం చేస్తారన్నదానికి మీరు పనిచేసే సంస్థ నుంచి ముందే స్పష్టమైన మాట తీసుకోండి. మా సహోద్యోగి తిరిగి వచ్చిన మొదటి ఆరు నెలలు తన కొత్త విద్యకు ఇక్కడ పని లేక ఇబ్బంది పడ్డాడు.

ఐదు నక్షత్రాలలో ఎన్ని ఇస్తానంటే, శిక్షణకు, కార్యాలయంలో చేసే పనికి ఐదింటికి ఐదు. కుర్చీల సంఖ్యకు, అవి ఎవరికి అందుతున్నాయన్నదానికి మూడు.

ఫోన్ చేసిన డాక్టరు గ్రీన్‌కార్డు వరుస ఇంకా కదలలేదు, కనుక ఆమె ఇప్పట్లో దరఖాస్తు చేయలేరు. అయితే ఒహాయో శాసనసభ కమిటీలు బిల్లుల మీద ఎవరు రాతపూర్వకంగా అభిప్రాయం పంపినా స్వీకరిస్తాయి, దానికి పౌరసత్వంతో పని లేదు. తమ కౌంటీలో ప్రసవాల వార్డు మూతపడ్డాక గర్భిణులు ఎంత దూరం వెళ్లవలసి వస్తోందో, దారిలో ఏం జరిగిందో ఆమె మూడు పేజీలు రాసి నాకు పంపారు. ఒక పేజీకి కుదించి మళ్లీ పంపమని నిన్న రాత్రి తిరిగి రాశాను.